ఫిలిప్పీన్స్ చరిత్రను మన డిగ్రీ క్లాసులో చెప్పాలంటే

మన కర్నూలు, కడప, అనంతపురం డిగ్రీ కాలేజీల్లో ఆగ్నేయాసియా పాఠం వచ్చినప్పుడు ఫిలిప్పీన్స్‌కు దక్కేది మహా అయితే ఒక పీరియడ్. మాగెల్లాన్ వచ్చాడు, స్పెయిన్ ఏలింది, అమెరికా కొనుక్కుంది, 1946లో స్వాతంత్ర్యం వచ్చింది. ఈ నాలుగు ముక్కలు బోర్డు మీద పెట్టి ఇండోనేషియాకు వెళ్లిపోతాం. పరీక్ష గట్టెక్కడానికి అది చాలు. కానీ వేర్వేరు దీవుల్లో, వేర్వేరు భాషలు మాట్లాడే జనం తమను తాము ఒక జాతిగా ఎలా తయారుచేసుకున్నారో చూపించడానికి ఇంతకన్నా మంచి పాఠం దొరకడం కష్టం. పైగా మన పిల్లలకు అది పరాయి దేశమేమీ కాదు. వైద్యం చదవడానికి అక్కడికి వెళ్లినవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్ వెళ్లిన ఆడవాళ్లు ఫిలిపినో ఆడవాళ్ల పక్కనే పనిచేస్తున్నారు.

ఇక్కడ చెప్పేది 50 నిమిషాల పీరియడ్లు 12, క్లాసులో 60 మంది అన్న లెక్కతో. సగమే దొరికితే ఏది వదలాలో తర్వాత ఉంది.

మొదట ఒక నిర్ణయం తీసుకోవాలి. ఫిలిపినో జాతి అనాదిగా ఉంది, పరాయి పాలనలో నిద్రపోయింది, వీరులు వచ్చి లేపారు అన్న వరసలో చెబితే పాఠం వినసొంపుగానే ఉంటుంది. చరిత్ర మాత్రం అలా నడవలేదు. ఆ జాతి భావన 19వ శతాబ్దపు చివరి మూడు దశాబ్దాల్లో పత్రికల్లో, నవలల్లో, విచారణల్లో, యుద్ధంలో తయారైంది. అందులో ఎవరున్నారు, ఎవరు లేరు అన్న గొడవ ఇప్పటికీ తెగలేదు. అందుకని మొదటి రోజే బోర్డు ఎడమ మూలలో ఒక ప్రశ్న రాసి, 12 పీరియడ్లూ చెరపకుండా ఉంచండి: ‘ఇది రాసిన రోజున “మనం” అంటే ఎవరెవరు?’ క్లాసులో ఏ పత్రం చదివినా చివరి ఐదు నిమిషాలు ఈ ప్రశ్నకే. జవాబును ఒక పొడుగాటి కాగితం మీద సంవత్సరంతో సహా రాసి గోడకు అంటించండి. పాఠం అయ్యేసరికి ఆ కాగితమే పిల్లలకు నోట్సు.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

ఖాళీ అవుట్‌లైన్ మ్యాపు 30 కాపీలు, ఇద్దరికి ఒకటి. ఆరు పత్రాల నుంచి తీసిన భాగాలు, ఒక్కొక్కటి ఎ4 కాగితం ఒక వైపుకు మించకుండా, 250 నుంచి 300 ఇంగ్లీషు మాటల్లో. ప్రతి పత్రం అడుగున కఠినమైన మాటలు ఒక పదింటికి తెలుగు అర్థాలు. ఈ అర్థాలు లేకపోతే పది నిమిషాల్లో అయ్యే చదువు అరగంట తింటుంది, వెనక బెంచీలు మొదటి పేరాలోనే వదిలేస్తాయి. డిగ్రీ ఇంగ్లీషు మీడియమే అయినా చర్చ తెలుగులోనే జరగనివ్వండి. వాదన తెలుగులో తేలాక జవాబు ఇంగ్లీషులో రాయించవచ్చు.

మూల పత్రాలకు డబ్బు ఖర్చేమీ లేదు. బ్లెయిర్, రాబర్ట్‌సన్ అనే ఇద్దరు 1903 నుంచి 1909 దాకా స్పానిష్ పత్రాలను ఇంగ్లీషులోకి మార్చి 55 సంపుటాలుగా వేశారు. అవి నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అయితే ఆ పని అమెరికా పాలన మొదలైన కొత్తలో అమెరికన్లు చేసింది. ముందుమాటల్లో ఆ కాలపు చూపు ఉంటుంది. పత్రాన్ని తీసుకోండి, ముందుమాటను మాత్రం పాఠంగా చెప్పకండి.

పేర్లను బోర్డు మీద తెలుగు లిపిలో రాయండి. ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి పిల్లలు ‘కావైట్’, ‘జోలో’, ‘జసింటో’ అంటారు. అవి కవీతె, హోలో, హసింతో. మన లిపిలో ఒకసారి రాస్తే మళ్లీ తప్పు పలకరు.

మొదటి పీరియడ్: మ్యాపు

2016 తర్వాతి లెక్క ప్రకారం దీవులు 7,641. పాత పుస్తకాల్లో 7,107 అని ఉంటుంది, పిల్లలు అడుగుతారు. నేల మొత్తం దాదాపు 3 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే ఆంధ్రప్రదేశ్‌కు రెండింతలకు కొంచెం తక్కువ. ఉత్తరాన లుజోన్, నడుమ విసయాస్, దక్షిణాన మిందనావో. మనీలా, కవీతె, సెబూ, మక్తాన్, హోలో, దవావో గుర్తించమనండి. 170కి పైగా భాషలున్నాయని చెప్పి, విసయాస్ మీద ‘సెబ్వానో’ అని, ఉత్తర లుజోన్ మీద ‘ఇలోకానో’ అని, మనీలా చుట్టూ ‘తగలోగ్’ అని రాయించండి. ఆ మూడు పేర్లతో పదకొండో పీరియడ్‌లో పని ఉంది. మ్యాపు పని 20 నిమిషాలు దాటనివ్వకండి. మిగతా సమయంలో గోడ కాగితం వేలాడదీసి, ఇంటి దగ్గర చేయాల్సిన కువైట్ పని అప్పజెప్పండి (దాని సంగతి కిందుంది). అది మొదటి రోజే ఇస్తేనే చివరికి చేతికి వస్తుంది.

రెండో పీరియడ్: రాగిరేకు

చాలామంది 1521తో మొదలుపెడతారు. అలా మొదలుపెట్టిన క్షణంలోనే ఆ దేశం యూరప్ ఓడ దిగాకే పుట్టిందన్న మాట పిల్లల మనసులో నాటుకుంటుంది. లగూనా రాగిరేకుతో మొదలుపెట్టండి. ఏమీ చెప్పకుండా బోర్డు మీద ఈ వరస రాయండి:

‘స్వస్తి శకవర్షాతీత 822 వైశాఖ మాస ... చతుర్థి కృష్ణపక్ష సోమవార’

ఇది ఎక్కడిదో చెప్పమనండి. కడప జిల్లా పిల్లలైతే రేనాటి చోళుల శాసనం అనేస్తారు. ఎర్రగుడిపాడు శాసనం కూడా ‘స్వస్తి శ్రీ’ అనే మొదలవుతుంది మరి. శకం 822కు 78 కలపమనండి. క్రీ.శ. 900 వస్తుంది. అప్పుడు చెప్పండి: ఇది మనీలా దగ్గర లగూనాలో, నది ముఖద్వారం దగ్గర ఇసుక తవ్వుతుంటే 1980ల చివర్లో దొరికింది. అడుగు పొడవు కూడా లేని చిన్న రాగిరేకు. లిపి కవి, అంటే పాత జావా లిపి. భాష పాత మలయ్, అందులో సంస్కృతం మాటలు. చదివి అర్థం చెప్పినవాడు ఆంటోన్ పోస్త్‌మా అనే డచ్చి పండితుడు. విషయం ఏ దేవుడి స్తుతో, యుద్ధ విజయమో కాదు. నమ్వరన్ అనే అతని అప్పు, ఒక కాతి ఎనిమిది సువర్ణాల బంగారం, తీరిపోయిందని, అతని సంతానాన్ని ఇక ఎవరూ ఆ బాకీ అడగకూడదని ఇచ్చిన చెల్లుచీటీ. అందులో కనిపించే ‘తుందున్’ అన్న ఊరిని ఇప్పటి మనీలాలోని తోందోగా గుర్తించారు.

ఈ పీరియడ్‌లో జరిగే పొరపాటు ఒక్కటే, కానీ ప్రతి క్లాసులోనూ జరుగుతుంది. ‘అయితే మనవాళ్లు అక్కడిదాకా ఏలారన్నమాట’ అని ఎవరో ఒకరు అంటారు, మిగతావాళ్లు చప్పట్లు కొడతారు. దాన్ని అక్కడే ఆపాలి. రాయచోటిలో అంగడి బోర్డు ఇంగ్లీషులో ఉంటే ఆ అంగడి ఇంగ్లండువాళ్లది అవుతుందా? ఆ మాటలు జావా, మలయ్ వర్తకుల దారిలో చేరాయి. రేకు భాష మలయ్, అప్పు తీర్చినవాడూ తీరిందని ఒప్పుకున్న పెద్దలూ ఆ ప్రాంతంవాళ్లే. మన దేశపు రాజు ఎవరూ అక్కడ ఏలినట్టు ఆ రేకులో లేదు. రేకు చెప్పేది వేరే: స్పెయిన్ రావడానికి ఆరువందల ఏళ్ల ముందే అక్కడ రాత, తూకం, అప్పు, చట్టం ఉన్నాయి. గోడ కాగితం మీద ‘900: మనం అంటే తోందో పెద్ద, అతని బంధువులు, చుట్టుపక్కల ఊళ్ల పెద్దలు’ అని రాయించండి. ‘ఫిలిప్పీన్స్’ అన్న మాట అక్కడ రాకూడదు. ఆ పేరు అప్పటి స్పెయిన్ యువరాజు ఫిలిప్ మీదుగా స్పానిష్ నావికుడు విల్యలోబోస్ 1540ల్లో పెట్టింది.

చివరి 15 నిమిషాలు బైబాయిన్ లిపికి ఇవ్వండి. స్పానిష్‌వాళ్లు వచ్చేనాటికి తగలోగులు వాడుతున్న లిపి ఇది. మన లిపిలాగే బ్రాహ్మీ సంతానం. అక్షరాలు 17: అచ్చులు మూడు, హల్లులు 14. హల్లు మీద చుక్క పెడితే ఇ లేదా ఎ, కింద పెడితే ఉ లేదా ఒ. గుణింతం తెలిసిన మన పిల్లలు పది నిమిషాల్లో పట్టేస్తారు. తమ పేర్లు రాయమన్నప్పుడు రెండు చోట్ల ఇరుక్కుంటారు. పొల్లు హల్లు రాసే వీలు పాత పద్ధతిలో లేదు, 1620లో ఒక స్పానిష్ మతగురువు సిలువ గుర్తు చేర్చాక వచ్చింది. ద, ర రెండింటికీ ఒకే అక్షరం. అందుకని రమేష్‌కు కుదరదు, మాలతికి హాయిగా కుదురుతుంది. ముందే చెప్పేస్తే సమయం వృథా కాదు.

ఇదే పీరియడ్‌లో కాకపోతే మూడోదాని మొదట్లో కలంత్యావ్ శిక్షాస్మృతి కథ తప్పక చెప్పండి. 1433 నాటిదని, పనాయ్ దీవి దొర రాసిందని చెప్పి హోసే మార్కో అనే అతను 1914లో మనీలా గ్రంథాలయానికి ఇచ్చాడు. దశాబ్దాల పాటు బడి పుస్తకాల్లో పాఠమైంది. 1968లో విలియం హెన్రీ స్కాట్ తన పరిశోధనలో అది కల్పితమని తేల్చాడు. అయినా 1971లో ప్రభుత్వం ఆ పేరు మీద ఒక గౌరవ పురస్కారం పెట్టింది. ప్రాచీన చట్టం మాకూ ఉండాలన్న ఆశే దొంగ పత్రానికి గిరాకీ తెచ్చింది. రాగిరేకును, దీన్ని పక్కపక్కన పెట్టి ‘మొదటిది నమ్మడానికి ఏమేం చూశాం? రెండోదానికి ఏం చూడలేదు?’ అని అడగండి. దొరికిన చోటు, లిపి కాలం, భాష, వేరే పత్రాలతో పొత్తు, చేతులు మారిన వరస. ఈ ఐదూ పిల్లల నోటి నుంచి వచ్చేదాకా ఆగండి.

మూడు నుంచి ఐదు: 1521, స్పెయిన్ పాలన, మద్రాసు సిపాయిలు

మక్తాన్ యుద్ధం 1521 ఏప్రిల్ 27. మాగెల్లాన్ ఓడలో ఉన్న పిగఫెట్టా రాసింది చదివించండి. రాళ్లు అడ్డొచ్చి పడవలు ఒడ్డుకు రాలేదని, 49 మంది తొడల లోతు నీళ్లలో దిగారని, ఎదుట 1,500 మందికి పైగా ఉన్నారని అతని లెక్క. ఓడిపోయినవాడి మనిషి ఎదుటివాళ్ల సంఖ్య ఎందుకు పెంచుతాడో పిల్లలే చెబుతారు. ఎదుట నిలిచిన మక్తాన్ దొర లపులపు ‘ఫిలిప్పీన్స్ కోసం’ పోరాడాడని రాస్తే మార్కు తగ్గించండి. అతను పోరాడింది తన మక్తాన్ కోసం. మాగెల్లాన్ పక్కన ఉన్నది సెబూ రాజు హుమబోన్.

స్పెయిన్ పాలనను ఒకే పీరియడ్‌లో ముగించండి. 1565లో లెగాస్పి సెబూకు, 1571లో మనీలాకు. మెక్సికోలోని అకపుల్కోకు 1815 దాకా నడిచిన గాలియన్ అనే వర్తక ఓడలు. ఏడాదికి 40 రోజుల వెట్టిచాకిరి, 1884లో దాన్ని 15కు దించారు. 1849లో గవర్నర్ క్లవేరియా ఒక పేర్ల జాబితా పంపి, పన్ను లెక్కకు వీలుగా కుటుంబాలకు ఇంటిపేర్లు ఇప్పించాడు. అందుకే గార్సియా, మెందోసా అన్న ఇంటిపేరు చూసి రక్తం స్పానిష్‌ది అనుకోకూడదు. ఈ ముక్క పిల్లలకు బాగా గుర్తుంటుంది. ఇంటిపేరు ఎవరిచ్చారన్నది మన దగ్గర కూడా అడిగే ప్రశ్నే కదా.

1762లో ఇంగ్లీషువాళ్లు మనీలాను పట్టుకున్నారు. ఆ ఓడలు బయల్దేరింది మద్రాసు నుంచి. విలియం డ్రేపర్ సైన్యంలో సిపాయిలూ ఉన్నారు. 1764లో ఇంగ్లీషువాళ్లు వెళ్లిపోయాక కొందరు సిపాయిలు అక్కడే ఉండిపోయారు, కైంతా అనే ఊళ్లో స్థిరపడ్డారు. క్లాసు ఇక్కడ ఒక్కసారిగా చెవులు రిక్కిస్తుంది. ఆ ఉత్సాహంలో ‘మన సీమ సిపాయిలు’ అని రాసేస్తారు. మన జిల్లాలు కంపెనీ చేతికి వచ్చింది 1800లో నిజాం ఇచ్చేసినప్పుడు, అంటే ఆ దాడికి 38 ఏళ్ల తర్వాత అని గుర్తుచేయండి.

ఆరు, ఏడు: కవీతె తిరుగుబాటు

మొత్తం పాఠానికి ఇది గుండె. రెండు పీరియడ్లూ పూర్తిగా వాడండి.

1872 జనవరి 20న మనీలా దగ్గరి కవీతె ఆయుధశాలలో సుమారు 200 మంది సైనికులు, పనివాళ్లు తిరగబడ్డారు. తొందరగానే అణిచేశారు. ఫిబ్రవరి 17న గోమెస్, బుర్గోస్, సమోరా అనే ముగ్గురు మతగురువులను మనీలాలో మెడకు ఇనుప పట్టీ బిగించి చంపారు. ఈ మూడు వాక్యాలు మాత్రమే ముందు చెప్పండి. కారణం చెప్పకండి.

క్లాసును ఆరేసి మంది జట్లుగా పది చేయండి. ఐదు జట్లకు గవర్నర్ ఇస్కియెర్దో ప్రభుత్వానికి పంపిన నివేదిక, దాన్నే బలపరిచే చరిత్రకారుడు మొంతెరో ఇ విదాల్ రాత. మిగతా ఐదింటికి ఫిలిపినో పండితుడు పార్దో దె తవేరా రాత. ఒక పక్షానికి రెండో పక్షం కాగితం ఉందని కూడా తెలియనివ్వకండి. పదిహేను నిమిషాల చదువు. తర్వాత ప్రతి జట్టూ నాలుగు ప్రశ్నలకు ఒక్కో వాక్యం రాయాలి: ఎవరు చేశారు? ఎందుకు చేశారు? వెనక ఎవరున్నారు? రాసినవాడికి ఇందులో ఏం లాభం?

రెండో రోజు ఐదేసి జవాబులూ బోర్డు మీద రెండు నిలువు గళ్లలో. ఒక గడిలో స్పెయిన్ పాలనను కూలదోసి కొత్త రాజును నిలబెట్టే కుట్ర, వెనక స్థానిక మతగురువులు. రెండో గడిలో పన్ను, వెట్టి మినహాయింపులు తీసేసినందుకు పనివాళ్లు చేసిన అలజడి, దాన్ని భూతద్దంలో చూపి స్పానిష్ సన్యాసుల మఠాలు తమ పెత్తనం కాపాడుకున్నాయి. ఒకే సంఘటనా అని పిల్లలు ఆశ్చర్యపోతారు. అక్కడ మీరు తీర్పు చెప్పేస్తే పాఠం అయిపోయినట్టే. బదులుగా రెండు కాగితాల్లోనూ ఒప్పుకున్న విషయాలు గీత గీయించండి. మినహాయింపులు పోయాయన్న సంగతి ఇద్దరూ చెప్పారు. రెండు శత్రు పక్షాలూ ఒప్పుకున్నదానికి బరువెక్కువ అని అప్పుడు చెప్పండి.

తర్వాత మూడో కాగితం. ఫిలిపినో నవలాకారుడు రిజాల్ 1891లో వచ్చిన తన రెండో నవలను ఆ ముగ్గురికే అంకితమిచ్చాడు. ఆ అంకితంలో వాళ్లను చంపిన తేదీ ఫిబ్రవరి 28 అని ఉంది, వయసులూ తప్పు. గోమెస్‌కు 72 ఏళ్లయితే 85 అని రాశాడు. జాతి వీరుడి రాతలోనూ పొరపాటు ఉండొచ్చని, అయినా ఆ అంకితం విలువ తగ్గదని పిల్లలు తెలుసుకోవాలి. ఎందుకంటే అది 1872 గురించి చెప్పే సాక్ష్యం కన్నా, 1891లో 1872ను ఎలా తలచుకున్నారో చెప్పే సాక్ష్యం.

మిగిలిన 15 నిమిషాలు ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి. 1846 తిరుగుబాటు, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి. కంపెనీ కాగితాల్లో అది పింఛను గొడవ, దోపిడీ. జనం పాటల్లో అదే వీరగాథ. అవే నాలుగు ప్రశ్నలు దీనికీ వేయించండి. కర్నూలు, నంద్యాల పిల్లలకు పాటలు తెలిసి ఉంటాయి, పాడనివ్వండి. అయితే ఒకటి చూసుకోవాలి: ఇంటి వీరుడి విషయంలో పిల్లలు పాటను మాత్రమే నమ్మి, పరాయి దేశం విషయంలో నివేదికను మాత్రమే అనుమానిస్తారు. రెండింటికీ ఒకే కొలత వాడమని పట్టుబట్టండి.

ఎనిమిది, తొమ్మిది: రిజాల్, కతిపూనన్

‘రిజాల్ ఫిలిప్పీన్స్ గాంధీ, బోనిఫాసియో ఫిలిప్పీన్స్ బోస్’ అన్న వాక్యం గైడుల్లో కనిపిస్తుంది. దాన్ని మొదట్లోనే కొట్టేయించండి. రిజాల్ ప్రజా ఉద్యమం నడపలేదు. కంటి వైద్యుడు, నవలాకారుడు. 1887లో బెర్లిన్‌లో ఒక నవల, 1891లో ఘెంట్‌లో రెండోది అచ్చయ్యాయి. 1890లో 17వ శతాబ్దపు స్పానిష్ చరిత్ర గ్రంథం ఒకటి తీసుకుని అడుగడుగునా తన వ్యాఖ్యలు చేర్చి వేశాడు, స్పెయిన్ రాకముందు మాకూ నాగరికత ఉందని చూపించడానికి. 1892లో మిందనావోలోని దపితాన్‌కు ప్రవాసం పంపారు, 1896 డిసెంబరు 30న కాల్చి చంపారు. అప్పటికి అతనికి 35 ఏళ్లు. చావుకు రెండు వారాల ముందు, డిసెంబరు 15న, జైలు నుంచి తిరుగుబాటును ఖండిస్తూ ఒక ప్రకటన రాశాడు. దాన్ని దాచిపెట్టకండి. ‘తిరుగుబాటును ఖండించినవాడు తిరుగుబాటుకు ప్రాణం ఎలా అయ్యాడు?’ అన్న ప్రశ్నకు 20 నిమిషాలు ఇవ్వండి. జీవితం కన్నా మరణం ఎక్కువ పనిచేసిందని ఒకరు, నవలలే పనిచేశాయని ఒకరు అంటారు. రెండూ వాదించదగినవే.

అతని రాతలు బడుల్లో, కాలేజీల్లో చదవాల్సిందేనని 1956లో రిపబ్లిక్ చట్టం 1425 తెచ్చారు. సెనేటర్ రెక్తో ముందుకు తెస్తే, కాథలిక్ చర్చి గట్టిగా ఎదిరించింది. చరిత్ర పాఠాన్ని చట్టం చేసి చెప్పించడం మంచిదేనా అన్నది మన డిగ్రీ పిల్లలు ఉత్సాహంగా వాదించే అంశం.

కతిపూనన్‌కు ఒక పీరియడ్. 1892 జూలై 7న బోనిఫాసియో, అతని మిత్రులు మనీలాలో పెట్టిన రహస్య సంఘం. 1896 ఆగస్టులో పన్ను చీటీలు చించి తిరుగుబాటు మొదలుపెట్టారు. ఏ తేదీన, ఏ ఊళ్లో అన్నదానిపై ఆ సభ్యుల జ్ఞాపకాలే కలవవు. ప్రభుత్వం పాటించేది ఆగస్టు 23, పుగద్ లావిన్. సంఘం నియమావళిలో ‘తగలోగ్’ అంటే ఆ దీవుల్లో పుట్టిన ప్రతివాడూ, విసయావాడైనా ఇలోకానోవాడైనా అన్న వివరణ ఉంది. గోడ కాగితం మీద దీన్ని పెద్ద అక్షరాలతో రాయించండి. అందర్నీ కలుపుకున్న మాటే, కానీ కలిపింది ఒకరి పేరు కింద. 1897 మార్చిలో తెహెరోస్ సమావేశంలో కవీతె నాయకుడు అగినాల్దో అధ్యక్షుడయ్యాడు, మే 10న బోనిఫాసియోను సొంత ఉద్యమంవాళ్లే చంపారు. ఈ ముక్కను మెల్లగా, పక్షం తీసుకోకుండా చెప్పండి.

పది: 1898 నుంచి 1902

1898 జూన్ 12 స్వాతంత్ర్య ప్రకటన చదివించండి. అందులో రెండు చోట్ల ఆగాలి. స్వాతంత్ర్యం ప్రకటిస్తూనే ‘శక్తిమంతమైన, మానవత్వం గల ఉత్తర అమెరికా జాతి’ రక్షణ కింద అన్నారు. జెండాలోని మూడు నక్షత్రాలు లుజోన్, మిందనావో, పనాయ్ అని రాశారు. ఇప్పుడు మూడో నక్షత్రాన్ని విసయాస్ అంటారు.

ఆరు నెలలకే, డిసెంబరు 10న, పారిస్ ఒప్పందంలో స్పెయిన్ ఆ దేశాన్ని 2 కోట్ల డాలర్లు పుచ్చుకుని అమెరికాకు ఇచ్చేసింది. 1800లో నిజాం సైన్యం ఖర్చుకు బదులుగా మన జిల్లాలను కంపెనీకి రాసిచ్చిన ఒప్పందాన్ని పక్కన పెట్టండి. రెండింటిలోనూ ఆ నేల మీది జనాన్ని అడిగినవాడు లేడు. మనకు ‘దత్త మండలాలు’ అన్న పేరు పోయి ‘రాయలసీమ’ అన్న పేరు నంద్యాలలో 1928లో వచ్చిందని తెలిసిన పిల్లలకు దీని మీద పెద్దగా వివరణ అక్కరలేదు. పోలిక అక్కడితో ఆపాలి. మన దగ్గర 1800 తర్వాత పాళెగాళ్లను అణిచారు. అక్కడ ఒక రాజ్యాంగం రాసుకున్న రిపబ్లిక్ మీద యుద్ధం జరిగింది. ఫిబ్రవరి 4, 1899న మొదలైన ఆ యుద్ధం అయిపోయిందని అమెరికా ప్రకటించింది జూలై 4, 1902న. 1907 నుంచి 1919 దాకా ఆ జెండా ఎగరేయడం నేరం.

పదకొండు: బడి, భాష

1901లో థామస్ అనే ఓడలో వందల మంది అమెరికన్ టీచర్లు దిగారు. చదువు ఇంగ్లీషులో. 1937లో అధ్యక్షుడు కేసోన్ తగలోగ్ పునాదిగా జాతీయ భాష ఉంటుందని ప్రకటించాడు. 1959లో దానికి పిలిపినో అని పేరు, 1987 రాజ్యాంగంలో ఫిలిపినో. మొదటి పీరియడ్ మ్యాపు తీయించి సెబ్వానో, ఇలోకానో పేర్లు చూపించండి. వాళ్లకు అభ్యంతరం ఎందుకుంటుందో అడగండి. ఇక్కడ మీరు చెప్పాల్సిందేమీ ఉండదు. పాఠ్యపుస్తకాల భాష కృష్ణా గుంటూరుది, సినిమాలో సీమ యాస అంటే కత్తి పట్టుకున్నవాడిదే అన్న కోపం మన పిల్లల దగ్గర సిద్ధంగా ఉంది. 1937లోనే శ్రీబాగ్ ఒప్పందం ఎందుకు రాసుకోవలసి వచ్చిందో కూడా ఎవరో ఒకరు ఎత్తుతారు. కోపాన్ని పది నిమిషాలు పలకనిచ్చి, తర్వాత తిరగేసి అడగండి: మనీలాలో కూర్చుని ఒక జాతీయ భాష ఎంచాల్సినవాళ్లు మీరైతే ఏం చేసేవాళ్లు? స్పానిష్, ఇంగ్లీషు, తగలోగ్, సెబ్వానో అని నాలుగు జట్లు చేసి, ఒక్కో జట్టుకు మూడు నిమిషాలు.

పన్నెండు: సైనిక చట్టం, మిందనావో

1946 జూలై 4 స్వాతంత్ర్యం. 1962లో అధ్యక్షుడు మకపగల్ ఆ పండుగను జూన్ 12కు మార్చాడు. ఎందుకు మార్చాడో పిల్లలకు ఈపాటికి తెలిసిపోతుంది. అధ్యక్షుడు మార్కోస్ పెట్టిన సైనిక చట్టం 1972 సెప్టెంబరు నుంచి 1981 జనవరి దాకా. 1986 ఫిబ్రవరి 22 నుంచి 25 వరకు మార్కోస్‌ను దించడానికి మనీలాలోని ఎద్సా రోడ్డు మీద జనం. మార్కోస్ కాలం స్వర్ణయుగమని చెప్పే వీడియోలు పిల్లల ఫోన్లకూ వస్తాయి. వాటిమీద ఉపన్యాసం ఇవ్వడం కన్నా ఒక లెక్క చాలు: 2013 పరిహార చట్టం కింద ఆ దేశ ప్రభుత్వమే గుర్తించిన బాధితులు 11,103 మంది. మన 1975 ఎమర్జెన్సీని పక్కన పెట్టవచ్చు, కానీ సమయం చూసుకోండి.

మిందనావోకు కనీసం 15 నిమిషాలు మిగల్చాలి. సులు, మగిందనావో సుల్తానుల రాజ్యాలను స్పెయిన్ పూర్తిగా లొంగదీసుకోలేకపోయింది. జెండాలో నక్షత్రం ఉన్నా, ఆ ముస్లింలు తమను మోరోలుగానే చెప్పుకున్నారు. 2019లో బంగ్సమోరో స్వయంపాలిత ప్రాంతం ఏర్పడింది. దీన్ని వదిలేస్తే పాఠమంతా మనీలా కథ అయిపోతుంది.

ఆరు పీరియడ్లే ఉంటే మ్యాపు, రాగిరేకు కలిపి ఒకటి, కవీతె రెండు, రిజాల్, కతిపూనన్ కలిపి ఒకటి, 1898 ఒకటి, భాష, మిందనావో కలిపి ఒకటి. సైనిక చట్టాన్ని చదువుకోమని ఇవ్వండి. కవీతెను మాత్రం ఒక్క పీరియడ్‌కు కుదించకండి. చదవడం, వాదించడం ఒకే రోజు పెడితే రెండూ సగంలో ఆగుతాయి.

కువైట్ పని, మార్కులు

ఇంట్లోనో వీధిలోనో గల్ఫ్‌లో పనిచేసినవాళ్లు ఉంటే, వాళ్లకు తెలిసిన ఫిలిపినోల గురించి ఐదు ప్రశ్నలు అడిగి రాసుకురావాలి. తాము ఎక్కడివాళ్లమని చెప్పుకునేవాళ్లు, దేశం పేరా, దీవి పేరా? తమలో తాము ఏ భాష మాట్లాడుకునేవాళ్లు? ఏ పండుగ చేసుకునేవాళ్లు? ఇంటికి డబ్బు ఎవరికి పంపేవాళ్లు? 2018లో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం కువైట్‌కు పనివాళ్లను పంపడం కొంతకాలం ఆపినప్పుడు ఏమనుకున్నారు? యజమాని పేరు, జీతం, ఇంటి చిరునామా అడగకూడదని ముందే గట్టిగా చెప్పండి. చెప్పడానికి ఇష్టపడనివాళ్లను బలవంతపెట్టకూడదు. గల్ఫ్ బంధువులు లేని పిల్లలు తోటివాళ్లతో జతకడతారు.

పది మార్కుల అసైన్‌మెంట్‌కు ‘ఫిలిప్పీన్స్ జాతీయోద్యమ కారణాలు వివరించండి’ అని ఇవ్వకండి. గైడులోని పేజీ మీ టేబుల్ మీదికి అరవై కాపీలుగా వస్తుంది. క్లాసులో చూడని పత్రం ఒకటి, 150 మాటల్లో, ఇచ్చి అడగండి: రాసినవాడు ఎవరై ఉంటాడు, దేని కోసం రాశాడు, అతని ‘మనం’లో ఎవరున్నారు, ఎవరు లేరు. పత్రం నుంచి మాటలు ఎత్తి చూపినందుకు నాలుగు మార్కులు, కాలం సరిగా పట్టుకున్నందుకు రెండు, బయట పెట్టినవాళ్లను గుర్తించినందుకు మూడు, పేర్లు సరిగా రాసినందుకు ఒకటి. తేదీ తప్పు రాస్తే సరిదిద్దండి, దానికి మార్కు కోయకండి. మొదటిసారి సగం మంది బయట పెట్టినవాళ్ల గురించి ఏమీ రాయరు. అలాంటి కాగితాలను మార్కులు వేయకుండానే వెనక్కిచ్చి, గోడ కాగితం ముందు నిలబడి ఆ ఒక్క పేరా మళ్లీ రాయమనండి.